జింక్ ఆక్సైడ్ నానోకడ్డీల యూవీ సెన్సర్: కరెంటు పెరగడం తేలికే, దిగడమే కష్టం

యూవీ (అతినీలలోహిత కిరణాల) సెన్సర్ మీద నానో పదార్థం వేస్తే కరెంటు వెయ్యి రెట్లు పెరిగిందని ప్రాజెక్టు రిపోర్టుల్లో తరచూ కనిపిస్తుంది. అబద్ధమేం కాదు, పెరుగుతుంది. దీపం ఆర్పాక అదే కరెంటు మళ్లీ మామూలుకి రావడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం రాయరు. ఆరు నిమిషాలు పట్టిందనుకోండి, మధ్యలో మబ్బు వచ్చి పోయినా ఆ సెన్సర్‌కి తెలియదు. తేమ పెరిగితే చీకట్లో కూడా ఎండ ఉన్నట్టు చూపిస్తుంది. కాబట్టి ఈ పోస్టులో తయారీ ఎంత ఉంటుందో, తయారయ్యాక దాన్ని దారిలో పెట్టే పని కూడా అంతే ఉంటుంది. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో మామూలుగా ఉండే హాట్‌ప్లేటు, తక్కెడ, గాజు సామాను సరిపోతాయి. వ్యాక్యూమ్ పరికరాలేవీ అక్కర్లేదు.

ముందు, మామూలు సిలికాన్ ఫోటోడయోడ్ ఎందుకు చాలదో రెండు మాటలు. సిలికాన్ బ్యాండ్ గ్యాప్, అంటే లోపలి ఎలక్ట్రాన్‌ని కదిలించడానికి వెలుగుకి ఉండాల్సిన కనీస శక్తి, 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే దాదాపు 1100 నానోమీటర్ల దాకా వచ్చే ప్రతి వెలుగూ దానికి సిగ్నలే. ఎండలో యూవీ వాటా చిన్నది, మిగతాదంతా దానికి గోల. పైగా 365 నానోమీటర్ల కిరణం సిలికాన్‌లోకి పది నానోమీటర్ల లోతుకి వెళ్లేసరికే చాలావరకు ఇంకిపోతుంది. ఆ పైపొర లోపాల పుట్ట, పుట్టిన ఎలక్ట్రాన్లలో చాలా భాగం అక్కడే చచ్చిపోతాయి. జింక్ ఆక్సైడ్ గ్యాప్ 3.37 ఎలక్ట్రాన్ వోల్టులు. 1240ని గ్యాప్‌తో భాగిస్తే నానోమీటర్లు వస్తాయి: 368. అంతకంటే పొడవైన అల దానికి దాదాపు కనపడదు, ఫిల్టర్ అక్కర్లేకుండానే.

ఎక్కువమంది మొదటి దెబ్బ తినేది ఇక్కడే. ఆన్‌లైన్లో, కొట్లలో చవగ్గా దొరికే "యూవీ టార్చి", నోట్లు చూసుకునేది, చాలావరకు 395 నానోమీటర్లది. 1240ని 395తో భాగిస్తే 3.14. జింక్ ఆక్సైడ్‌కి అది చాలదు. లోపాల వల్ల కాస్త కరెంటు కదులుతుంది గానీ, దాన్ని చూసి "నా కడ్డీలు పనిచెయ్యట్లేదు" అనుకుని నెల రోజుల పనిని పారేసేవాళ్లుంటారు. 365 నానోమీటర్ల ఎల్‌ఈడీనే కొనాలి. ధర ఎక్కువే. ఊదా రంగు ధగధగా కళ్లకి కొడుతూ ఉంటే అది 395ది. నిజమైన 365 ఎల్‌ఈడీ వెలుగు మసగ్గా, బూడిద రంగుకి దగ్గరగా కనిపిస్తుంది. మసగ్గా ఉంది కదా అని దానిలోకి చూడకూడదు, కంటికి హాని చేసేది కనపడని భాగమే.

నానో చేసే పని

జింక్ ఆక్సైడ్‌ని గాలిలో, చీకట్లో ఉంచితే గాలిలోని ఆక్సిజన్ అణువులు దాని ఉపరితలానికి అతుక్కుని, తలా ఒక ఎలక్ట్రాన్‌ని లోపల్నుంచి లాక్కుని కూర్చుంటాయి. దాంతో పైపొర ఎలక్ట్రాన్లు లేక ఖాళీ అవుతుంది, నిరోధం పెరుగుతుంది. ముద్ద పదార్థంలో ఈ ఖాళీ పొర లెక్కలోకి రాదు. 50-100 నానోమీటర్ల మందం ఉన్న కడ్డీలో మాత్రం ఖాళీ పొరే కడ్డీలో పెద్ద భాగం. యూవీ పడగానే ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ (హోల్) జంటగా పుడతాయి. హోల్ ఉపరితలానికి వెళ్లి అక్కడ ఆక్సిజన్ పట్టుకున్న ఎలక్ట్రాన్‌తో కలిసిపోతుంది, ఆక్సిజన్ ఊడి గాలిలోకి పోతుంది. జోడీ పోయిన ఎలక్ట్రాన్‌కి కలవడానికి హోల్ లేదు. ఎలక్ట్రోడ్ల మధ్య అది తిరుగుతూనే ఉంటుంది.

గెయిన్ అంటే ఇదే. ఎలక్ట్రాన్ బతికిన కాలాన్ని, ఒక ఎలక్ట్రోడ్ నుంచి రెండోదానికి చేరే కాలంతో భాగిస్తే వచ్చే సంఖ్య. ఒక్క ఫోటాన్ (వెలుగు రేణువు) వేల ఎలక్ట్రాన్ల ప్రయాణానికి సరిపడా కరెంటు ఇస్తుంది. 2007లో ఒకే ఒక్క జింక్ ఆక్సైడ్ నానోతీగ మీద 10 కోట్ల రెట్ల వరకు గెయిన్ వచ్చినట్టు ప్రచురించారు. 2012లో జింక్ ఆక్సైడ్ నానోకణాల్ని పాలిమర్‌లో కలిపిన పరికరం వాట్‌కి 700 ఆంపియర్లు దాటింది. అంకెలు నిజమైనవే, కాకపోతే చాలా తక్కువ వెలుగులో కొలిచినప్పుడే అలాంటివి వస్తాయి. వెలుగు పెరిగేకొద్దీ ట్రాపులు (హోల్స్‌ని పట్టి ఉంచే చోట్లు) నిండిపోయి గెయిన్ పడిపోతుంది. ఎంత వెలుగులో కొలిచారో చెప్పని రెస్పాన్సివిటీ (వాట్ వెలుగుకి వచ్చే ఆంపియర్లు) అంకెని నమ్మకండి.

పైన భాగహారాన్ని మళ్లీ చూడండి. గెయిన్ పెరగాలంటే ఎలక్ట్రాన్ ఎక్కువసేపు బతకాలి. ఎక్కువసేపు బతికితే దీపం ఆర్పాక కూడా బతికే ఉంటుంది. ఆక్సిజన్ మళ్లీ వచ్చి అతుక్కునే దాకా కరెంటు దిగదు. గెయిన్‌నీ వేగాన్నీ రెండూ ఇదే ఉపరితలంతో సంపాదించాలనుకుంటే కుదరదు. సెన్సర్ దేనికో ముందే తేల్చుకోవాలి.

గాజు, గీత, నారు

గాజుగా ఎఫ్‌టీఓ (ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్, కరెంటు పారే పారదర్శక పూత) పూసినది తీసుకోండి, ఐటీఓ (ఇండియం టిన్ ఆక్సైడ్) వద్దు. 350 డిగ్రీల్లో గాలిలో వేడి చేస్తే ఐటీఓ నిరోధం పెరిగిపోతుంది, ఎఫ్‌టీఓ తట్టుకుంటుంది. 25 × 10 మిల్లీమీటర్ల ముక్క చాలు. దాని మధ్యలో పూతని అడ్డంగా తెగ్గొట్టి రెండు ఎలక్ట్రోడ్లు చెయ్యాలి. జింక్ పొడి చల్లి, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేసి, టేపుతో కప్పని చోట పూత తీసెయ్యడం పాత పద్ధతి. ఇలా చేస్తే సందు అర మిల్లీమీటర్ కంటే సన్నగా రాదు, అంచు కూడా కొరికినట్టు ఉంటుంది. దానికంటే స్టీలు సామాను మీద, కీ చైన్ల మీద పేర్లు వేసే ఫైబర్ లేజర్ మిషన్ ఉన్న కొట్టుకి వెళ్లడం మేలు. 1064 నానోమీటర్ల ఆ లేజర్ గాజుని వదిలేసి పూతని కాలుస్తుంది, గీత 0.1 మిల్లీమీటర్ దాకా సన్నగా వస్తుంది. ఒకే గీతని రెండు మూడుసార్లు నడిపించమనండి. పని అయ్యాక అక్కడే మల్టీమీటర్‌తో 20 మెగా ఓముల రేంజ్‌లో రెండు వైపులా చూడండి. ఏదైనా అంకె కనిపిస్తే గీత పూర్తిగా తెగలేదు. ఈ చెక్ ఇప్పుడే చెయ్యాలి, కడ్డీలు పెంచాక తెలిసినా చెయ్యగలిగేదేమీ లేదు. ఆమ్లం పని ఏదున్నా అది కూడా ముందే. జింక్ ఆక్సైడ్ ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది.

గాజుని గిన్నెల సబ్బుతో రుద్ది, తర్వాత ఎసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డిస్టిల్డ్ వాటర్, ఒక్కోదానిలో పది నిమిషాలు. కళ్లద్దాలు కడిగే చిన్న అల్ట్రాసోనిక్ మిషన్ దీనికి చాలు. చివర్లో నీళ్లు గాజు మీద పొరలా పరుచుకోవాలి. బొట్లు బొట్లుగా నిలబడితే జిడ్డు ఉన్నట్టే, మొదటికి రండి.

తర్వాత సీడ్ లేయర్. ఇది నారుమడి లాంటిది. నారు ఎలా పడితే నాటు అలా ఉంటుంది. జింక్ ఎసిటేట్ డైహైడ్రేట్ 0.11 గ్రాములు 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వేసి, 60 డిగ్రీల నీళ్లలో గిన్నె పెట్టి అరగంట కలిపితే 5 మిల్లీమోలార్ ద్రావణం. మంట ఉన్న స్టవ్ మీద పెట్టకండి, ఆ ఆవిరి అంటుకుంటుంది. చల్లారాక గాజు మీద చుక్కలు వేసి పది సెకన్లు ఆగి, శుభ్రమైన ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టాలి. ఇలా నాలుగైదుసార్లు. తర్వాత 350 డిగ్రీల్లో 20 నిమిషాలు. హాట్‌ప్లేటు మీద కనిపించే అంకె ప్లేటుది, గాజు పైభాగం దానికంటే తక్కువ వేడిలో ఉంటుంది. థర్మోకపుల్‌ని గాజు మీదే ఆనించి చూసుకోండి. దించేటప్పుడు ప్లేటు ఆపేసి అక్కడే చల్లారనివ్వాలి. పటకారుతో తీసి గ్రానైట్ గట్టు మీద పెడితే టప్‌మని రెండు ముక్కలవుతుంది.

వానాకాలంలో ఈ ఒక్క మెట్టు దగ్గరే బ్యాచులకి బ్యాచులు పోతాయి. ఆల్కహాల్ ఆరేటప్పుడు గాజు చల్లబడి, గాలిలోని తేమ దాని మీద మంచులా పడుతుంది. పొర పారదర్శకంగా ఉండాల్సింది తెల్లగా మసకబారుతుంది. కృష్ణ పక్కన ఉన్న ఊళ్లో జులై, ఆగస్టుల్లో తేమ 80 శాతం దాటిన రోజు ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. తప్పదంటే ఏసీ గదిలో, లేదా సిలికా జెల్ పరిచిన ప్లాస్టిక్ డబ్బాలో గాజు ఆరబెట్టండి. తేమ మీటర్ 50 శాతం కింద చూపించాక మొదలెట్టండి.

ఇక్కడ ఒక సంగతి. కడ్డీలు గాజు మీద నిటారుగా పెరుగుతాయి, కానీ మన ఎలక్ట్రోడ్లు పక్కపక్కన ఉన్నాయి. అంటే కరెంటు కడ్డీ పొడవునా పోదు. అడుగునున్న సీడ్ పొర గుండా, ఆనుకున్న కడ్డీల మొదళ్ల గుండా అడ్డంగా పోతుంది. సీడ్ మందంగా వేస్తే చీకట్లో కూడా ఆ అడుగు దారిలో కరెంటు పారుతూ ఉంటుంది, పైన ఎంత చక్కటి కడ్డీలున్నా వెలుగుకీ చీకటికీ తేడా తగ్గిపోతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలో అడవిలా దట్టంగా కనిపించిన నమూనా కొలతలో చతికిలపడటానికి మామూలు కారణం ఇదే. సోల్-జెల్ పద్ధతిలో అర మోలార్ చిక్కటి ద్రావణంతో స్పిన్ కోటింగ్ (గాజుని గిరగిరా తిప్పి పూయడం) చేసే వంటకాలు చాలా ఉన్నాయి. సోలార్ సెల్‌కి అవి బాగుంటాయి, ఈ పనికి పలచటి నారే నయం.

90 డిగ్రీల నీళ్లు

జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 0.74 గ్రాములు 50 మి.లీ. నీళ్లలో, హెక్సామిథిలీన్ టెట్రమీన్ 0.35 గ్రాములు వేరే 50 మి.లీ.లో కరిగించి, రెండూ కలపాలి. ఒక్కోటీ 25 మిల్లీమోలార్ వస్తుంది. ఈ రెండింటికీ బంగారం తూచే 0.01 గ్రాముల తక్కెడ చాలు. జింక్ నైట్రేట్ డబ్బా మూత వదులైతే తేమ లాక్కుని ముద్దవుతుంది, వానల్లో ఏకంగా నీరు కారుతుంది. అప్పుడు మీరు తూచేది సగం నీళ్లే. గలగలమనే పలుకులుంటేనే వాడండి.

నీళ్ల సంగతి కూడా చూసుకోవాలి. గుంటూరు, విజయవాడ బోరు నీళ్ల మాట అటుంచి, ఆర్‌ఓ నీళ్లు కూడా ఈ పనికి పనికిరావు. వాటిలో మిగిలిన క్లోరైడు, కాల్షియం కడ్డీల ఆకారాన్ని మార్చేస్తాయి. డిస్టిల్డ్ లేదా డీఅయొనైజ్డ్ నీళ్లు, టీడీఎస్ మీటర్ పెడితే 0 లేదా 1 చూపించేవి కావాలి. బ్యాటరీ వాటర్ డబ్బాలు కొన్ని బాగానే ఉంటాయి, కొన్నిటి మీద మీటర్ పెడితే 20 చూపిస్తుంది. కొన్నవెంటనే చూడండి.

బోరోసిలికేట్ సీసాలో ద్రావణం పోసి, గాజు ముక్కని నారు వేసిన వైపు కిందికి ఉండేలా ఏటవాలుగా ఆనించాలి. ఇది తప్పనిసరి. ద్రావణం 60-70 డిగ్రీలు దాటగానే పాలలా తెల్లబడుతుంది. నీళ్లలోనే పుట్టిన జింక్ ఆక్సైడ్ పొడి అది. నారు పైకి ఉంటే ఆ పొడంతా దాని మీద పేరుకుని కడ్డీల్ని కప్పేస్తుంది. సీసాని 90 డిగ్రీల నీళ్ల తొట్టెలో మూడు గంటలు ఉంచండి. ఇడ్లీ పాత్ర తొట్టెగా బాగానే పనికొస్తుంది, ఒకసారి దీనికి వాడాక మళ్లీ వంటింట్లోకి తీసుకెళ్లకూడదు. హెక్సామిథిలీన్ టెట్రమీన్ వేడికి విడిపోయి అమ్మోనియా, ఫార్మాల్డిహైడ్ వదులుతుంది. అమ్మోనియానే మనకి కావలసింది, ఫార్మాల్డిహైడ్ విషం. మూత వదులుగా పెట్టి, గాలి బయటికి లాగే ఫ్యాన్ కింద చెయ్యండి.

మూడు గంటల్లో కడ్డీలు మైక్రాన్‌కి అటూ ఇటూ పొడవు వస్తాయి. ఆరు గంటలు ఉంచితే రెట్టింపు రావు, నీళ్లలోని జింక్ అప్పటికే పొడిగా పోయి ఉంటుంది. ఇంకా పెరగాలంటే ద్రావణం కొత్తది పోయాలి. సెన్సర్‌కి మైక్రాన్ చాలు. తీశాక డిస్టిల్డ్ వాటర్ ధారతో బాగా కడిగి, ఆరబెట్టి, మళ్లీ 350 డిగ్రీల్లో అరగంట. కడ్డీలకి అంటుకున్న సేంద్రియ మడ్డి అప్పుడు కాలిపోతుంది. పొర ఒకే తీరున పాలవన్నెలో ఉండాలి. వేలితో మెల్లగా ఒక మూల రుద్దితే సుద్దలా రాలిపోతే అది పైన పడ్డ పొడి, కడ్డీలు కాదు. చీకట్లో 365 వెలుగు వేసినప్పుడు మసక నారింజ రంగు మెరుపు కనిపిస్తే లోపాలు ఎక్కువగా ఉన్నట్టు.

సిల్వర్ పేస్టుతో రెండు వైపులా ఎఫ్‌టీఓ మీదే తీగలు అతికించండి. అతికే చోట కడ్డీల పొరని ముందే పలచని వెనిగర్ అద్దిన దూదితో తుడిచేస్తే ఎఫ్‌టీఓ బయటపడుతుంది. ఆ తడి మధ్య గీత దాకా పాకనివ్వకండి.

కొలత

మల్టీమీటర్ చీకట్లో ఏమీ చూపించదు, యూవీలో అంకెలు గెంతుతూ ఉంటాయి. చిన్న సర్క్యూట్ కావాలి. ఎంసీపీ6002 ఆప్-ఆంప్ (చిన్న సిగ్నల్‌ని పెంచే చిప్), 5 వోల్టులు. రెండు 10 కిలో ఓముల రెసిస్టర్లతో 2.5 వోల్టులు చేసి ప్లస్ కాలికి ఇవ్వండి. సెన్సర్ ఒక కొస 5 వోల్టులకి, రెండో కొస మైనస్ కాలికి. మైనస్ కాలి నుంచి ఔట్‌పుట్‌కి 1 మెగా ఓము, దానికి సమాంతరంగా 100 నానోఫారడ్ కెపాసిటర్. సెన్సర్ మీద ఎప్పుడూ 2.5 వోల్టుల బయాస్ (నిలకడ వోల్టేజి) ఉంటుంది. మైక్రోఆంపియర్ పెరిగితే ఔట్‌పుట్ 2.5 నుంచి ఒక వోల్టు కిందికి దిగుతుంది. కెపాసిటర్ వల్ల 50 హెర్ట్జ్ రొద పోతుంది. సెన్సరే నెమ్మది కాబట్టి 0.1 సెకను ఆలస్యం వల్ల నష్టం లేదు. ఔట్‌పుట్‌ని చదివే ఆర్డ్వినో యూనో బోర్డులో ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు, అంటే 5 నానోఆంపియర్లు. డార్క్ కరెంట్ (చీకట్లో పారే కరెంటు) అంతకంటే తక్కువగా ఉంటే ఏడీఎస్1115 (ఇంకా సన్నటి మెట్లలో కొలిచే చిప్) పెట్టుకోండి. డబ్బాలో ఉంది కదా అని ఎల్‌ఎం358 వాడితే దాని ఇన్‌పుట్ కాలే పదుల నానోఆంపియర్లు లాగుతుంది, మీరు కొలిచేది దాని కరెంటునే. ఆప్-ఆంప్ లేకుండా రెసిస్టర్ డివైడర్‌ని నేరుగా ఆర్డ్వినోకి ఇచ్చినా తప్పే వస్తుంది. దాని ఇన్‌పుట్ 10 కిలో ఓముల లోపు సోర్స్ కోసం చేసింది.

టంకం వేశాక ఫ్లక్స్‌ని ఐసోప్రొపైల్‌తో కడగాలి. పొడి రోజున ఆ జిగురు ఏమీ చెయ్యదు. ముసురు పట్టిన రోజున మైనస్ కాలి చుట్టూ నానోఆంపియర్ల లీకేజీ మొదలై, సెన్సర్ పాడైందని భ్రమ కలిగిస్తుంది. సెన్సర్ తీగ పీకేసి చూడండి. ఔట్‌పుట్ 2.5 మీద కదలకుండా ఉంటే బోర్డు మంచిదే.

డార్క్ కరెంట్ తీసే ముందు సెన్సర్‌ని రాత్రంతా చీకట్లో ఉంచండి. పగటి వెలుగు సోకిన నమూనా గంటల తరబడి పూర్తిగా దిగదు. వెలుగు కింద కొలిచేటప్పుడు ఎల్‌ఈడీని 20 మిల్లీఆంపియర్ల స్థిర కరెంటు మీద ఐదు నిమిషాలు వెలిగించాకే మొదలెట్టండి, వేడెక్కేకొద్దీ దాని వెలుగు తగ్గుతుంది. సెన్సర్‌కి 5 సెంటీమీటర్ల దూరం ఉంచితే దాని వేడి కడ్డీలకి తగలదు.

ఇక లెక్క. 0.1 మిల్లీమీటర్ సందు, 10 మిల్లీమీటర్ల పొడవు: 1 చదరపు మిల్లీమీటర్. వెలుగు చదరపు సెంటీమీటర్‌కి 1 మిల్లీవాట్ అయితే సందులో పడేది 10 మైక్రోవాట్లు. కరెంటు 2 మైక్రోఆంపియర్లు పెరిగితే రెస్పాన్సివిటీ వాట్‌కి 0.2 ఆంపియర్లు. 365 దగ్గర ఒక ఫోటాన్‌కి ఒక ఎలక్ట్రాన్ చొప్పున లెక్కేస్తే వాట్‌కి 0.294 వస్తుంది, అంటే మనది 68 శాతం. 0.29 దాటితే గెయిన్ ఉన్నట్టు. వెలుగు ఎంతో తెలియకపోతే గాలియం నైట్రైడ్ ఫోటోడయోడ్ గువా-ఎస్12ఎస్‌డీ మాడ్యూల్ పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. చదరపు సెంటీమీటర్‌కి 1 మిల్లీవాట్ యూవీఏ (315-400 నానోమీటర్ల యూవీ) దగ్గర ఆ డయోడ్ సుమారు 113 నానోఆంపియర్లు ఇస్తుందని దాని డేటాషీట్ చెబుతుంది.

కరెంటుని దింపడం

మామూలు నమూనాలో కరెంటు ఎక్కడానికి సెకన్లు, దిగడానికి పదుల సెకన్ల నుంచి నిమిషాలు. దీనికి నాలుగు దారులున్నాయి, నాలుగూ ఒకేలాంటివి కావు.

చవకైనది వెండి చుక్కలు. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 0.017 గ్రాముల సిల్వర్ నైట్రేట్ (1 మిల్లీమోలార్). కడ్డీల గాజుని అందులో ముంచి 365 వెలుగు 30 సెకన్లు వెయ్యండి. జింక్ ఆక్సైడే ఆ వెలుగుతో వెండిని తన మీదికి దింపుకుంటుంది. పొర లేత గోధుమ రంగుకి తిరగ్గానే తీసి కడగాలి. వెండి కణం ఆనుకున్న చోట కడ్డీ ఎలక్ట్రాన్లు కోల్పోయి ఖాళీ పొర లోతవుతుంది. డార్క్ కరెంట్ తగ్గుతుంది, దిగడం వేగవంతమవుతుంది. రెండు నిమిషాలు ఉంచితే మాత్రం కణాలు ఒకదానికొకటి తగిలి వెండి దారి ఏర్పడుతుంది. చీకటి కరెంటు ఎగబాకుతుంది, వెలుగూ లోపలికి పోదు. ద్రావణం కలిపేటప్పుడే తెల్లగా విరిగితే నీళ్లలో క్లోరైడ్ ఉంది, ఆ నీళ్లు పారబొయ్యండి. చేతికి అంటితే నల్ల మచ్చ వారం దాకా పోదు.

రెండోది వేడి. గాజు వెనక రెండు 47 ఓముల, 1 వాట్ రెసిస్టర్లు సమాంతరంగా థర్మల్ పేస్టుతో అతికించి 5 వోల్టులు ఇస్తే రెండూ కలిపి ఒక వాట్ మేర వేడెక్కుతాయి. 100 డిగ్రీలు దాటకుండా రెండు నిమిషాలు ఉంచి ఆపితే ఆక్సిజన్ త్వరగా తిరిగి అతుక్కుంటుంది, అంటుకున్న తేమ కూడా పోతుంది. చల్లారాకే కొలవాలి. గంటకోసారి కొలిచే స్టేషన్‌కి ఇది బాగా పనికొస్తుంది, బ్యాటరీ మీద నడిచేదానికి భారం.

మూడోది సాఫ్ట్‌వేర్ కిటుకు. కరెంటు స్థిరపడే దాకా ఆగకుండా, మూత తెరిచిన మొదటి రెండు సెకన్లలో ఎంత వాలుతో ఎక్కుతుందో కొలిచి దాన్నే రీడింగ్‌గా తీసుకోవడం. చిన్న సర్వో మోటారుతో మూత తెరిచి మూసే ఏర్పాటు కావాలి.

నాలుగోది జంక్షన్. కడ్డీల మీద పీ-రకం (హోల్స్‌తో కరెంటు నడిచే) పొర, నికెల్ ఆక్సైడ్ లాంటిది, వేస్తే లోపలి విద్యుత్ క్షేత్రమే ఎలక్ట్రాన్‌నీ హోల్‌నీ విడదీస్తుంది. గెయిన్ పోతుంది, వేగం మిల్లీసెకన్లకి వస్తుంది, బయాస్ లేకుండా కూడా పనిచేస్తుంది. తేలిగ్గా దొరికే పెడాట్-పీఎస్‌ఎస్ పాలిమర్ పూసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: అది గట్టి ఆమ్లం, పీహెచ్ 1-2. నేరుగా పోస్తే కింద కడ్డీలు కరిగిపోతాయి. ముందు అమ్మోనియా చుక్కలతో తటస్థం చెయ్యాలి.

మూత, ఎండ

నీటి అణువులు ఉపరితలం మీద ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తాయి. తేమ పెరిగితే డార్క్ కరెంట్ పెరగడం, దిగడం నెమ్మదించడం దానివల్లే. రబ్బరు వాషర్ మీద పలచటి కిటికీ గాజు ముక్క పెట్టి, లోపల రెండు మూడు సిలికా జెల్ గింజలు వేసి మూసెయ్యండి. నీలం గింజలు గులాబీ రంగుకి వస్తే మార్చాలి. మూతకి యాక్రిలిక్ షీటు కోసి పెడితే సిగ్నల్ మాయమవుతుంది. బోర్డుల కోసం అమ్మే యాక్రిలిక్‌లో చాలావాటికి, పాలీకార్బొనేట్‌కి ఎప్పుడూ, యూవీని మింగే గుణం ఉంటుంది. మామూలు గాజు 365ని వదులుతుంది, 300 కిందిది ఆపేస్తుంది. పక్కవాటు ఎండ కూడా సరిగా లెక్కలోకి రావడానికి గాజు మీద ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు మూడు నాలుగు పొరలు వేయండి. అంతకంటే చవకైన యూవీ డిఫ్యూజర్ లేదు.

బయట పెట్టేటప్పుడు 1 మెగా ఓము తీసి 100 కిలో ఓములు పెట్టాలి. నడినెత్తి ఎండలో యూవీఏ చదరపు సెంటీమీటర్‌కి 5 మిల్లీవాట్ల దరిదాపుల్లో ఉంటుంది, పాత విలువతో ఔట్‌పుట్ సున్నాకి అతుక్కుపోతుంది. విజయవాడ 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉంటాడు. మేలో అది పన్నెండు దాటిన నాలుగైదు నిమిషాలకి, ఆగస్టులో పన్నెండుంపావుకి కాస్త ముందు. ఏప్రిల్ నడిమి నుంచి ఆగస్టు చివరి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి 7 డిగ్రీల లోపే ఉంటాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ పగిలేది వేడికి. మబ్బు విడిచిన ఆగస్టు మధ్యాహ్నం థర్మామీటర్ పది డిగ్రీలు తక్కువ చూపించినా యూవీ సెన్సర్ దాదాపు మే నాటి అంకెనే చూపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు, సెన్సర్ తప్పు కాదు.

ఆ అంకెని యూవీ ఇండెక్స్ (ఎండ చర్మాన్ని ఎంత కమిలిస్తుందో చెప్పే అంకె) అని మాత్రం రాయకండి. చర్మం కమిలే లెక్కలో 298 నానోమీటర్ల దాకా పూర్తి బరువు, 328కి వచ్చేసరికి దానిలో వెయ్యో వంతు చిల్లర. జింక్ ఆక్సైడ్ కిటికీ గాజు వెనక కూర్చుని చూసేదంతా యూవీఏ. ఇండెక్స్ కావాలంటే మెగ్నీషియం కలిపి గ్యాప్ పెంచాలి, గాజు బదులు క్వార్ట్‌జ్ వాడాలి.

ఎండకంటే ఈ సెన్సర్‌కి నప్పే పని ఇంట్లోనే ఉంది. వాటర్ ప్యూరిఫయర్‌లో 254 నానోమీటర్ల ట్యూబు ఏళ్లు గడిచినా నీలంగా వెలుగుతూనే ఉంటుంది. క్రిముల్ని చంపే 254 మాత్రం తగ్గుతూ వస్తుంది, కంటికి ఆ తేడా తెలియదు. అక్కడ చుట్టూ చీకటే, వేగం అక్కర్లేదు, రోజుకో రీడింగ్ చాలు. కొత్త ట్యూబు వేసిన రోజు అంకె రాసిపెట్టుకుని, దానితో పోల్చుకుంటూ పోవడమే. ఈ పనిలో కడ్డీల వైపు ట్యూబుకి ఎదురుగా, మధ్యలో గాజు లేకుండా ఉండాలి, మామూలు గాజు 254ని ఒక్క పిసరు కూడా వదలదు. ట్యూబు వెలుగుతుండగా డబ్బా తెరిచి చూడకండి, కళ్లు ఆ రాత్రే మండుతాయి.

హాట్‌ప్లేటు కూడా లేనివాళ్లకి ఇంకో దారి: బీపీడబ్ల్యూ34 సిలికాన్ డయోడ్ మీద కార్బన్ డాట్ల (నానో సైజు కార్బన్ కణాల) పూత. నిమ్మ ఉప్పు 1 గ్రాము, యూరియా 1 గ్రాము, 10 మి.లీ. నీళ్లలో కలిపి పాత మైక్రోవేవ్‌లో ఐదు నిమిషాలు, గోధుమ రంగుకి వచ్చి ఎండేదాకా. అమ్మోనియా ఘాటు వస్తుంది, కిటికీలు తెరవండి. నీళ్లలో మళ్లీ కరిగించి వడగట్టి, పీవీఏ (నీళ్లలో కరిగే పాలిమర్) ద్రావణంతో కలిపి డయోడ్ కిటికీ మీద ఒక చుక్క. యూవీ పడితే ఆ పొర నీలం, పచ్చ వెలుగు ఇస్తుంది, సిలికాన్‌కి అది బాగా కనపడుతుంది, వేగం కూడా డయోడ్‌దే. ముందు యూవీని మాత్రమే వదిలే నల్ల ఫిల్టర్ గాజు తప్పదు. ఎరువుల కొట్టు యూరియా వద్దు, దానికి వేపనూనె పూత ఉంటుంది. ల్యాబు యూరియానే కొనండి.